సగం గీసిన గడ్డం

కొవ్వూరులో లూథరన్ చర్చి వెనక సందులో ఉండే ఆశీర్వాదానికి పెళ్ళయిన మరుసటేడు, అంటే డెబ్భై ఆరులో, రాజమండ్రిలో పని దొరికింది. టీచరు ట్రైనింగు పాసై రెండేళ్ళయినా ఏ బడిలోనూ ఖాళీ లేదు. మెయిన్ రోడ్డులో ఫ్యాన్సీ సామాను టోకున అమ్మే నాగేశ్వరప్రసాద్ గారు, మొహం కళగా ఉంది, మాట మెత్తగా ఉంది అని చూసిన రోజే పనిలో పెట్టుకున్నారు. చేతికిచ్చే సరుకుకి హామీగా సర్టిఫికెట్లు అడిగారు. పెంకుటింట్లో వానకి తడుస్తాయి, తన బీరువాలో అయితే పదిలంగా ఉంటాయన్నారు. నిజమేననిపించి ఇచ్చేశాడు.

పనల్లా సంతల్లో రేజరు సెట్లు అమ్మడం. స్టీలు రేజరు, బ్రష్షు, ఐదు బ్లేడ్లు, అన్నీ ఒక అట్టపెట్టెలో. వెల పద్నాలుగు రూపాయలు. పల్లెల్లో అప్పటికింకా మంగలి ఇంటికొచ్చి గీసి వెళ్ళేవాడు, కోతలయ్యాక ఇంతని ధాన్యం కొలిచేవారు. అలాంటిది రొక్కం పెట్టి కొనుక్కుని తన మొహం తానే గీసుకోమంటే ఎవరికి మనసొప్పుతుంది? పైగా రెండు పక్కలా పదునుండే బ్లేడంటే జనానికి భయం. ఆ భయం పోగొట్టడానికే ఆశీర్వాదం కావలసి వచ్చాడు. సంత నడిమధ్య స్టూలు వేసుకుని, కర్రకి అద్దం తగిలించి, అందరూ చూస్తుండగా ఒక చెంప గీసుకునేవాడు. గీసిన చెంపనీ గీయని చెంపనీ తాకి చూడమనేవాడు. రెండో చెంప సాయంత్రం ఇంకో ఊళ్ళో చూపించడానికి. మధ్యలో బస్సెక్కితే పక్కవాళ్ళు కాస్త ఎడంగా జరిగి కూర్చునేవారు.

సోమవారం ఒక సంత, గురువారం ఒక సంత. గీసి చూపించాలంటే గడ్డం ఉండాలి గనక, ఆదివారం చర్చికి ఎప్పుడూ మాసిన మొహంతోనే వెళ్ళేవాడు. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీసుకోకూడదని ఆ చుట్టుపక్కల నమ్మకం. అందుకని పాపాయమ్మనే పెద్దావిడ ఒక ఆదివారం అతని భార్య సంపూర్ణమ్మని పక్కకి పిలిచి ఎన్నో నెలని అడిగింది. సంపూర్ణమ్మ ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది. మూడోసారి అడిగినప్పుడు మాత్రం ఆమెకి నవ్వు రాలేదు.

రెండో ఏడు ప్రసాద్ గారు సెట్టు వెల తొమ్మిదికి దించారు, ఆర్నెల్లు తిరక్కుండా ఆరుకి దించారు. నష్టం కదండీ అన్నాడు ఆశీర్వాదం.

"రేజరు మీద పోతే పోనీవయ్యా," అన్నారాయన. "ఒకసారి ఇంట్లో పెట్టుకున్నాక, బ్లేడు కోసం బతికినన్నాళ్ళూ మన దగ్గరికి రావాల్సిందే."

అన్నట్టే అయింది. ఆత్రేయపురం అవతల లంకల దాకా సెట్లు పోయాయి. ముందు మాస్టార్లు, గుమస్తాలు కొన్నారు, తర్వాత పెళ్ళీడు కుర్రాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ తండ్రులు. పావలాకి రెండు బ్లేడ్లని కిళ్ళీకొట్లలో కూడా వేలాడదీశారు. ఆశీర్వాదం చెంపలు మాత్రం ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేవి. మానేద్దామని అనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొచ్చేది. సంపూర్ణమ్మకి పురుడు కష్టమైనప్పుడు ప్రసాద్ గారే కారు పంపారు. ఆసుపత్రిలో ఎంతయిందో ఈనాటికీ చెప్పలేదు. అలాంటి మనిషి ముందు నిలబడి వెళ్ళిపోతానని ఎలా అంటాడు?

డెబ్భై తొమ్మిది జూన్‌లో దగ్గర్లోని ఒక మిషన్ బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఒక పోస్టు ఉందనీ, సోమవారం పదకొండింటికల్లా అసలు సర్టిఫికెట్లతో రమ్మనీ. శనివారం ఆశీర్వాదం ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని కొట్టుకెళ్ళాడు. ప్రసాద్ గారు చదివి చాలా సంతోషించారు. కాఫీ తెప్పించారు. మద్రాసు నుంచి ఐదొందల సెట్లు దిగాయని, తుని సంతలో వేరే కంపెనీ వాడు అడుగుపెట్టాడని, ఈ సమయంలో నువ్వు లేకపోతే ఎలాగని అన్నారు.

"కాదనడానికి నేనెవర్నయ్యా? ఈ సరుకు కాస్త కదలనీ, నేనే తీసి చేతిలో పెడతాను."

ఆశీర్వాదం కాఫీ తాగి, దండం పెట్టి వచ్చేశాడు.

మర్నాడు చర్చి నుంచి వస్తూ సంపూర్ణమ్మకి చెప్పాడు.

"ఇవ్వనన్నారా అండి?" అని అడిగింది.

"ఇవ్వననలేదు."

"మరి?"

వచ్చే వారం మళ్ళీ అడుగుతానన్నాడు. బడివాళ్ళు అంతవరకూ ఆగరని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

సోమవారం తెల్లారుతూనే అతను పెట్టె పట్టుకుని తుని పాసింజరు ఎక్కాడు. అతను వెళ్ళాక సంపూర్ణమ్మ పిల్లని చంకనేసుకుని, బస్సులో వంతెన దాటి, కొట్టు తీయకముందే అరుగు మీద కూర్చుంది. తొమ్మిదింటికి ప్రసాద్ గారొచ్చారు.

"మా ఆయన కాయితాలండి," అంది.

ఆయన కుశలం అడిగారు, పిల్ల పేరడిగారు, సరుకు సంగతి చెప్పుకొచ్చారు. అంతా విని ఆమె మళ్ళీ అదే మాట అంది. లోపలికి రమ్మన్నా రాలేదు, కాఫీ వద్దంది. బేరానికొచ్చినవాళ్ళు ఎవరీవిడని చూడసాగారు. అరగంటకల్లా బీరువా తెరిచి కవరు చేతికిచ్చారు. "అడిగితే ఇవ్వనా అమ్మా!" అన్నారు. ఆ మాట అబద్ధం కాదేమోనని ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

పదకొండింటికి పది నిమిషాలుండగా బడికి చేరింది. కరస్పాండెంటు గారు కాయితాలన్నీ చూసి, మార్కులు బాగున్నాయి, మనిషేడీ అన్నారు. పనిమీద వెళ్ళారండి, వచ్చేస్తారు అంది సంపూర్ణమ్మ. ఆయన ఒంటిగంట దాకా ఆగారు. వరండాలో పిల్ల ఏడుస్తుంటే సముదాయిస్తూ, రాడని తెలిసినా ఆమె గేటు వైపే చూసింది. ఒంటిగంట దాటాక, బల్ల మీద కూర్చున్న రెండో అభ్యర్థిని లోపలికి పిలిచారు.

ఆ వేళకి ఆశీర్వాదం తునిలో ఎడమ చెంప గీసుకుంటున్నాడు. ఆ రోజు ముప్ఫయి ఒక్క సెట్లు పోయాయి. అంత బేరం మునుపెన్నడూ లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కవరు మంచం మీద ఉంది. విప్పి, ఒక్కో కాయితమూ చూసి, ఎలా వచ్చాయని అడిగాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతను అనుకున్నాడు. ఇన్నాళ్ళూ తనని ఆ బీరువా కట్టేసిందనుకున్నాడు. ఇప్పుడు కాయితాలు ఒళ్ళోనే ఉన్నాయి. అయినా గురువారం సంత గుర్తొచ్చి, మర్నాడు గడ్డం గీసుకోకుండానే కొట్టుకి బయల్దేరాడు.

అలా ఇంకో ఆరేళ్ళు గడిచాయి. గోదావరికి ఈవలా ఆవలా రేజరు లేని ఇల్లు తగ్గిపోయింది. ఎలా గీసుకోవాలో చూపించాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. ప్లాస్టిక్ పిడివి ఇంకా చవగ్గా వచ్చాయి. ప్రసాద్ గారు అతన్ని సంతలకి పంపడం మానేసి కౌంటర్లో కూర్చోబెట్టారు. సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయింది. సంపూర్ణమ్మ అదే మిషన్ బడిలో ఆయాగా చేరింది. కరస్పాండెంటు గారు ఆమెని మరిచిపోలేదు.

ఎనభై ఐదులో వేసవి సెలవులయ్యాక ఒక ఉదయం ఆమె పిల్లకి జడేస్తూ, కొత్తగా పెట్టిన కాన్వెంటులో మాస్టార్లు కావాలట, వయసు చూడరట, ఈ రోజే వెళ్ళి అడగమంది.

ఆశీర్వాదం చొక్కా గుండీలు పెట్టుకుంటూ కాస్త ఆలోచించాడు.

"ప్రసాద్ గారితో ఒక మాట అని చూస్తాను," అన్నాడు.

సంపూర్ణమ్మ రిబ్బను ముడేసి, పిల్ల చెయ్యి పట్టుకుని బడికి నడిచింది.