ఈ బల్ల ఆడుతోంది

మామగారికి ఈ భూమ్మీద ఒక్క బల్ల కూడా నచ్చదు. హోటలు బల్ల కానీ, డాక్టరు బల్ల కానీ, దేని ముందు కూర్చున్నా ముందు రెండు అరచేతులూ దానిమీద ఆనిస్తారు. అటో నొక్కు, ఇటో నొక్కు నొక్కుతారు. నాడి చూసిన వైద్యుడిలా పెదవి విరుస్తారు. ఆ తర్వాత వీధి చివరి వాళ్లకి కూడా వినపడేలా ప్రకటిస్తారు.

"ఈ బల్ల ఆడుతోంది."

ప్రకటనతో ఆగితే ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. చొక్కా జేబులోంచి ఒక చెక్కముక్క తీసి, బల్ల కిందకి దూరి, ఏదో ఒక కాలు కింద దాన్ని దోపితే కానీ లేచి రారు. జేబునిండా చెక్కముక్కలే. పలచనివి, మందంగా ఉన్నవి, ఒకవైపు వాలుగా చెక్కి నున్నగా రుద్దినవి. మామగారు నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. చేసిన పని గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడగా విన్నవాళ్లు లేరు. మాట్లాడినవన్నీ ఇతరుల బల్లల గురించే. మూడేళ్ల కిందట దుకాణం మూసేసిన దగ్గర్నుంచీ జబ్బు ముదిరిందని చుట్టాలు తేల్చారు.

అల్లుడు మామగారిని మొట్టమొదట చూసినప్పుడు కనిపించింది మొహం కాదు, మడమలు. మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పడానికి ఉతికిన చొక్కా వేసుకుని హోటలుకి వెళ్తే, బల్ల కింద నుంచి రెండు మడమలు బయటికొచ్చి ఉన్నాయి.

"నమస్కారమండీ," అన్నాడు ఆ మడమలకి.

"ఒక్క నిమిషం బాబూ, ఈ బల్ల ఆడుతోంది," అన్నాయి మడమలు.

మామగారి చెల్లెలు కొత్తిల్లు కట్టుకుని, గాజుబల్ల కొని, దానిమీద తెల్లటి గుడ్డ పరిచి అందర్నీ భోజనానికి పిలిచింది. సూపు వచ్చిన రెండో నిమిషంలోనే ఆ గుడ్డ మీద అరచెయ్యంత మరక. మూడో నిమిషంలో మామగారు గాజుబల్ల కింద. ఆవిడ రెండు నెలలు అన్నగారితో మాట్లాడలేదు.

అంతకంటే విడ్డూరం ఇంకోటుంది. ఇంట్లో భోజనాల బల్ల ఆయన సొంత చేత్తో చేసింది. ఒక్క మేకు లేకుండా, చెక్కలో చెక్క దూర్చి, ఏనుగెక్కినా చప్పుడు చెయ్యనంత గట్టిగా బిగించిన బల్ల. ఇంటికి ఎవరైనా వస్తే చాలు, అదీ ఆడుతుంది! తన పనిని తానే పదిమందిలో తిట్టుకునే పనివాణ్ని అల్లుడు ఇంకెక్కడా చూడలేదు.

అల్లుడి ఉద్యోగం బస్సుల టైంటేబుల్ రాయడం. ఆ బస్సులు ఏనాడూ ఆ వేళకి రాకపోవడం అతని తప్పు కాదు, రాయడం వరకే అతని బాధ్యత. అందుకని ఊరి చివర వినోదాల పార్కులో కొత్త ఆటలు, కొత్త తిండిశాలలు తెరిచారని తెలియగానే అతను చేసిన మొదటి పని టైంటేబుల్ రాయడం. రెండువైపులా, మూడు రంగుల సిరాతో.

ఈసారి దానికి తగిన కారణమే ఉంది. పార్కు వాళ్ల కరపత్రంలో 'గాలిబల్ల' అని ఒక బొమ్మ వేశారు. ముప్ఫైమంది కూర్చునే బల్లని కుర్చీలతో సహా ఇనప తాళ్లకి కట్టి, పదంతస్తుల ఎత్తుకి లేపి, అక్కడ ఉయ్యాలలా ఊపుతూ టీ పోస్తారట. కింద కూర్చుని తాగితే టీకి ఏం లోటొచ్చిందో రాయలేదు. ఆ బొమ్మని అత్తగారు చాలాసేపు చూసింది.

"నాకు ఇది ఎక్కాలనుంది," అంది.

అత్తగారు నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం కూతురు పుట్టాక ఇదే మొదటిసారి. ఎక్కడికెళ్లినా చేతులు రెండూ ఒళ్లోని సంచిలో పెట్టుకుని, "నాకు ఆకలిగా లేదు, మీరు కానివ్వండి" అనే మనిషి ఆవిడ. అల్లుడు ఆ పూటే నాలుగు సీట్లు పట్టాడు. సాయంత్రం నాలుగింటికి. ఐదు నిమిషాలు దాటితే సీట్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. మళ్లీ ఖాళీ ఆరు నెలల తర్వాతే.

"నాలుగింటికల్లా అత్తయ్యని అక్కడ కూర్చోబెట్టాలి. మీ నాన్నని బల్లలకి దూరంగా ఉంచే పూచీ నీది," అన్నాడు పెళ్లాంతో.

"తిండిశాలల్లో బల్లలుండవా?" అంది ఆవిడ.

టైంటేబుల్లో దానికి గడి లేదు.

పార్కు గేటు మీద 'ఆనందం ఇటు' అని బాణం గుర్తు వేసి ఉంది. ఆ బాణం వెంట నలభై నిమిషాలు వరసలో నిలబడితే 'ఉత్తరధ్రువం' వచ్చింది. పళ్లు నిలవచేసే పాత గదికి తెల్లరంగు వేసి, తలుపు దగ్గర దూదితో చేసిన ఎలుగుబంటిని కూర్చోబెట్టారు. తర్వాత 'దయ్యాల గుహ'. దయ్యాలు భోజనానికి వెళ్లాయని పలక వేలాడదీశారు. అల్లుడు రెండింటికీ పచ్చసిరాతో టిక్కు పెట్టుకున్నాడు. చూడ్డం అయిపోయింది కదా!

భోజనం 'జలకన్య'లో. కొత్తగా తెరిచిందే. గోడలనిండా చేపల బొమ్మలే కానీ వండినవాటిలో ఒక్క చేపా లేదు. రొట్టె, సూపు, ఉడికించిన బంగాళాదుంపలు. మూడుంబావుకి సూపు వచ్చింది. అత్తగారు సంచిలోంచి చెయ్యి తీసి చెంచా పట్టుకుంది. గిన్నె అంచు మీద చెంచా టకటకమంది. పక్క బల్ల మీది టై కట్టుకున్న లావుపాటాయన తలతిప్పి చూశాడు.

"ఈ బల్ల ఆడుతోంది!" అన్నారు మామగారు.

"నాన్నా, ఇవాళ వద్దు," అంది కూతురు.

నాన్న అప్పటికే కింద ఉన్నాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. జలకన్య యూనిఫారం కాబట్టి పాపం అతనికి వెనక చేపతోక కూడా ఉంది.

"సార్, బల్ల ఆడటం కుదరదు. మొన్ననే వేశాం. నాలుగు కాళ్లూ నేలకి బోల్టులతో బిగించాం."

"అయినా ఆడుతోంది," అంది నేల మీద నుంచి గొంతు.

"బోల్టు వేసింది ఎలా ఆడుతుంది సార్?"

"అది మీరు చెప్పాలి."

మేనేజరు మొహం ఎర్రబడింది. "అయితే ఫిర్యాదు రాయండి. రాతపూర్వకంగా ఫిర్యాదు లేకుండా ఇక్కడ ఏదీ ఆడదు." పద్నాలుగు గడులున్న కాగితం తెచ్చి ముందు పెట్టాడు. ఫిర్యాదీ తాతగారి వృత్తికి కూడా ఒక గడి ఉంది.

"బాబూ, ఇలా వచ్చి లైటు పట్టుకో," అన్నారు మామగారు.

అల్లుడు ఫోను లైటు వేసుకుని మోకాళ్ల మీద బల్ల కిందకి పాకాడు. ఒక్కో కాలికి బొటనవేలంత లావు బోల్టు. పట్టుకుని లాగి చూశాడు. పార్కు మొత్తం కదిలినా ఆ బల్ల కదలదు.

"మామయ్యా, ఇది బిగించే ఉంది కదా?"

"గట్టిగానే బిగించారు. పని తెలిసినవాడే," అన్నారు మామగారు మెచ్చుకోలుగా. అని, ఆ కాలి పక్కనే ఒక చెక్కముక్కని నిలబెట్టారు.

"మరి ఆడుతోందన్నారు?"

మామగారు తల పైకెత్తి, చెవి రిక్కించి ఏదో వింటూ కూర్చున్నారు. పైన చెంచా చప్పుడు ఆగింది. "ఊఁ. ఇక పద," అన్నారు.

మామగారికి మతి పోయిందని అల్లుడు ఆ క్షణాన పూర్తిగా నమ్మాడు. బయటికొచ్చి పద్నాలుగు గడులూ తనే నింపాడు. తాతగారి గడి దగ్గర 'మర్చిపోయాం' అని రాశాడు. గడియారం చూస్తే నాలుగుకి పన్నెండు నిమిషాలు. టైంటేబుల్లో ఎక్కడా లేని పరుగు మొదలైంది. ముందు అల్లుడు, వెనక కూతురు, ఆ వెనక సంచి గుండెకి హత్తుకుని అత్తగారు, ఆఖర్న దారిలో ప్రతి బెంచీనీ అనుమానంగా చూస్తూ మామగారు.

నాలుగూ మూడుకి చేరారు. పెళ్లాం చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని రొప్పుతోంది. గాలిబల్ల మెట్ల దగ్గర కుర్రది ఒక పళ్లెం చాపింది.

"జేబులు ఖాళీ చెయ్యండి సార్. పైనుంచి ఏది పడినా కింద తలలున్నాయి."

తాళంచెవులు, కళ్లజోడు పెట్టె, పదిహేడు చెక్కముక్కలు.

"ఇవేంటి సార్?"

"మందులు," అన్నారు మామగారు, నవ్వకుండా.

అత్తగారి ఒళ్లోని సంచితో సహా నడుములకి పట్టీలు బిగించారు. కప్పుల్లో సగం వరకు టీ పోశారు. మిగతా సగం ఎందుకు పొయ్యలేదో పైకి లేచాక తెలిసింది. పదంతస్తుల మీద గాలికి బల్ల ఇటు ఊగి అటు ఊగింది. ముప్ఫై కప్పులు ముప్ఫై సాసర్ల మీద ఒక్కసారిగా టకటకలాడాయి. టై లావుపాటాయన అక్కడా తయారయ్యాడు. ఆయన టీ టై మీద పడింది. అల్లుడిది టైంటేబుల్ మీద. కూతురు కప్పు వదిలేసి బల్లని కావిలించుకుంది. ఈ గాలిబల్ల మీద మామగారు ఏం ప్రకటిస్తారో, ఏ కాలు కిందకి దూరతానంటారో అని అల్లుడు ఆయన్నే చూస్తున్నాడు. బల్లకి కాళ్లు కూడా లేవాయె.

మామగారు అలవాటు ప్రకారం రెండు అరచేతులూ ఆనించారు. అటో నొక్కు, ఇటో నొక్కు. తల పంకించారు.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నారు. "కొంచెం కూడా ఆడట్లేదు."

"నాన్నా! ఊగుతోంది కదా!" అరిచింది కూతురు కళ్లు మూసుకునే.

"ఎక్కడా? రాయిలా ఉంది."

అల్లుడు నోరు వెళ్లబెట్టాడు. నేలకి బోల్టులేసిన బల్ల ఆడిందట, తాళ్లకి వేలాడేది ఆడట్లేదట! అప్పుడు పక్కనుంచి నవ్వు వినపడింది. అత్తగారు సంచి ఒళ్లో వదిలేసి, రెండు చేతులూ బయటపెట్టి, కప్పు పట్టుకుని నవ్వుతోంది. కప్పు వణుకుతోంది, వేళ్లు వణుకుతున్నాయి, టీ మణికట్టు మీదుగా కారుతోంది.

"ఏమండీ, నా టీ అంతా ఒలికిపోయింది!"

"నాదీ ఒలికిందోయ్."

"అందరిదీ ఒలికిందండీ!" అంది ఆవిడ, బహుమతి గెలిచినట్టు.

అల్లుడు తన కప్పు కేసి చూసుకున్నాడు. తన వేళ్లూ వణుకుతున్నాయి, టై ఆయనవీ వణుకుతున్నాయి. బల్ల ఒక్క క్షణం ఊగడం ఆగింది. ముప్ఫై కప్పులూ నెమ్మదించాయి. ఒక్క అత్తగారిది తప్ప. మళ్లీ గాలి వచ్చింది, మళ్లీ అన్నీ కలిసిపోయాయి. ఆకలి లేకపోవడం, సంచిలో చేతులు, గాజుబల్ల మీద సూపు మరక, చెంచా ఆగేదాకా చెవి రిక్కించి కింద కూర్చోవడం, అన్నీ బస్సుల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. అతని ఉద్యోగ జీవితంలో బస్సులన్నీ వేళకి వచ్చింది ఆ ఒక్కసారే. ఒక్క మేకు లేకుండా చేసిన ఆ భోజనాల బల్ల కూడా గుర్తొచ్చింది. ఆయన దాన్నే అంత సులువుగా తిట్టేశారు!

కిందకి దిగాక పళ్లెంలో తాళంచెవులు, కళ్లజోడు పెట్టె ఉన్నాయి. చెక్కముక్కలు లేవు.

"చెత్తనుకుని పారేశాను సార్," అంది కుర్రది.

మామగారు ఖాళీ జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకుని నడిచారు.

"పైన ఒక్క గుక్క నోట్లోకి పోలేదు. మంచి టీ తాగుదామా?" అంది అత్తగారు. ఒకే రోజులో రెండో కోరిక! బయటికెళ్లే దారిలో 'చివరి గుక్క' అని టీ దుకాణం ఉంది. బల్లలు సిమెంటువి, నేలలోంచే మొలిచినట్టు పోసినవి. టీ వచ్చింది. పైన వచ్చిన ధైర్యం ఇంకా దిగని అత్తగారు సంచి మాట మర్చిపోయి కప్పు అందుకుంది.

టకటకటక.

పక్క బల్ల దగ్గర తడి టై తల తిప్పింది. అత్తగారి నవ్వు సగంలో ఆగింది. మామగారి చెయ్యి జేబులోకి వెళ్లింది, ఖాళీగా బయటికొచ్చింది. నోరు తెరిచారు. చేతిలో ముక్క లేకపోతే మాట కూడా పెగలని మనిషి. మొదటిసారి ఆయన మొహంలో బెదురు కనిపించింది.

"ఛీ! ఈ బల్ల ఆడుతోంది!"

దుకాణమంతా తిరిగి చూసింది. అన్నది అల్లుడు. మూడు రంగుల టైంటేబుల్‌ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచి, మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందకి దూరాడు.

"సిమెంటుది కదండీ?" అన్నాడు టై ఆయన.

"ఈ రోజుల్లో సిమెంటు మాత్రం ఏం బాగుంటోందండీ!" అన్నాడు అల్లుడు కింద నుంచి.

టై ఆయన తన బల్లని రెండు చేతులతో నొక్కి చూసుకున్నాడు. "నిజమేనండోయ్, మాదీ కొంచెం ఆడుతున్నట్టుంది," అని పెళ్లానికి ఫిర్యాదు చెయ్యడం మొదలెట్టాడు. ఆ తర్వాత ఇటు చూడలేదు.

బల్ల కింద అల్లుడి భుజం పక్కకి ఇంకో తల వచ్చింది.

"బాబూ."

"మామయ్యా."

ఇద్దరూ కాసేపు ఆ సిమెంటు కాలునే చూశారు. మామగారు కాగితం మడతని వేలితో తడిమి చూశారు.

"మడత తప్పు పెట్టావ్. పలచని వైపు లోపలికుండాలి." టైంటేబుల్ లాగి, తిరగేసి, గోటితో అంచు నొక్కి, కదలని కాలి పక్కన పొందికగా పెట్టారు. "ఇలా. పని చేస్తే పనిలా ఉండాలి."

"నేర్చుకుంటాను మామయ్యా."

"రేపు ఇంటికి రా. ముక్కలు చెక్కాలి. నీ జేబుకీ చేద్దాం."

పైన కూతురు తన టీ తాగుతూ వంగి చూసింది. బల్ల కింద నుంచి నాలుగు మడమలు బయటికొచ్చి ఉన్నాయి.

"అయ్యిందా మీ ఇద్దరికీ?" అంది అత్తగారు తీరిగ్గా, కప్పు టకటకలాడిస్తూనే. "టీ చల్లారిపోతోంది."