పెళ్ళిభోజనం కన్నా పెయ్య

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సులో నా ముందు సీట్లో పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుంది. జుట్టులో ఇంకా అక్షింతలున్నాయి. పెళ్ళిలో మర్యాద తక్కువైందని అలిగి వచ్చేసిందని తేల్చుకుని, కథ వినడానికి సిద్ధమయ్యాను.

“భోజనాలయ్యాయాండీ?”

“లేదండీ. తమ్ముడి పెళ్ళే, తాళి కట్టగానే వచ్చేసేను.”

“ఎవరైనా ఏమన్నా అన్నారాండీ?”

“ఎవరూ ఏమన్లేదండీ. మా పెయ్య ఎదకు రావట్లేదని పశువుల డాక్టరుగారు లోపల మందుపుల్ల పెట్టేరు. ఈ సాయంత్రం తీసేయాలండీ, ఆలస్యమైతే కడుపు కట్టించే ఎద సూదికి అదును తప్పిపోద్దంట. నేను పట్టుకోకపోతే డాక్టరుగారిని తన్నుద్దండీ. ఈసారీ చూడి కట్టకపోతే అమ్మేస్తానంటున్నారు మావారు.”

నా కథలో విలన్ లేకుండా పోయాడు.

అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. మేమంతా దాని డ్రైవరుకు సలహాలిస్తుంటే, ఆవిడ బస్సు దిగి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని లారీ పక్కనుంచి అవతలికి వెళ్ళింది. అటు వెళ్తున్న ట్రాక్టరును ఆపి, పట్టుచీరతోనే దాని తొట్టిలోని కొబ్బరి పీచు డొక్కల మీదెక్కి కూర్చుంది. ఆ రోజు పెళ్ళికూతురికి కూడా అంత దర్జా ఉండి ఉండదు.

ఆ పెయ్య చూడి కట్టిందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ పెళ్ళిలో ఎవరైనా తినకుండా లేచి వెళ్తుంటే, అలిగారని అందరూ గుసగుసలాడతారు. నేను మాత్రం ఇంటిదగ్గర పెయ్య ఉందేమోనని లేచి దారి ఇస్తాను.