అడ్డుపూస

ఆ వీధిలో ఆమెను అందరూ పూసలక్క అనేవారు. పెద్ద తమ్ముడికి మీసాలు మొలవకముందు నుంచీ ఇంట్లోనే దండలు గుచ్చి దుకాణానికి ఇచ్చేది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమే మర్చిపోయింది. ఆ తమ్ముడి ఇంట్లోనే కిటికీ గది, ఒక మంచం, పూసల డబ్బా. ఆమె ఆస్తి అంతే.

ఈమధ్య ఆమె కళ్ళు మసకబారాయి. ఆమె పైకి చెప్పలేదు గానీ, చెంబు అనుకుని గాలిని పట్టుకోబోయిన రోజున మరదలు కనిపెట్టేసింది. అప్పట్నుంచీ మరదలి మొహం కళకళలాడుతోంది.

"వదినకి చూపు పోయిందండీ. మీ తమ్ముడింటికి పంపేద్దాం. వాళ్ళకి మెట్ల కింద చోటుంది. మనమ్మాయి ఎన్నాళ్ళని వంటింట్లో పడుకుంటుంది?"

"మెట్ల కింద చీపుళ్ళు పెడతారే, మనుషుల్ని కాదు," అంది పూసలక్క.

"చీపురైతే ఊడ్వడానికన్నా పనికొస్తుంది వదినా."

తమ్ముడిది గోడ మీద పిల్లి వాటం. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "సాయంత్రం నేనొచ్చేలోగా ఒక్క దండ గుచ్చి చూపించక్కా. గుచ్చితే గది నీదే. లేదంటే..." అని మిగతాది మింగేసి వెళ్ళిపోయాడు.

పూసలక్కకు నవ్వొచ్చింది. దండ గుచ్చడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. దారానికి కొవ్వొత్తి రుద్ది కొసను సూదిలా బిగుసుకునేలా చేసింది. నల్లపూసలు గిన్నెలో, తెల్లవి గ్లాసులో పోసుకుంది. రెండు నల్లవి, ఒక తెల్లది, మళ్ళీ రెండు నల్లవి. ముందుగా దారం రెండో కొసన ఒక పూసకు రెండు చుట్లు చుట్టి ముడేసింది. అది అడ్డుపూస. అది గట్టిగా ఉంటే వెనకాల గుచ్చినవేవీ జారవు. ఒకసారి వేశాక దాన్ని మళ్ళీ తడమకూడదని వాళ్ళమ్మ చెప్పేది, తడిమితే ముడి వదులవుతుందట. పూసలక్క ఏనాడూ తడమలేదు.

ముడేసి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. మరదలు కత్తెర తీసి అడ్డుపూస దగ్గర దారాన్ని టక్కున కోసేసింది. కూతురికి కన్ను కొట్టి, రేడియో గట్టిగా పెట్టింది.

పూసలక్క మంచం మీద కూర్చుని గుచ్చడం మొదలుపెట్టింది. దారం మంచం అంచు మీదుగా కిందికి వేలాడుతోంది. కింద మేనకోడలు ఒళ్ళో గుడ్డ పరుచుకుని కూర్చుంది. పైనుంచి ఒక్కో పూస ఎక్కుతుంటే, కిందనుంచి ఒక్కోటి లాగేసి, చప్పుడు కాకుండా నల్లవి గిన్నెలో, తెల్లవి గ్లాసులో తిరిగి వేస్తోంది. అనుమానం రాకుండా కొస వేళ్ళతో నొక్కిపట్టి కొన్ని మాత్రం దారం మీద ఉంచింది. మరదలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది.

మధ్యాహ్నానికి పూసలక్క దండను మెడకు ఆనించి చూసుకుంది. కొసలు కలవడం లేదు.

"పూసలు తరగట్లేదేంటే?"

"నీది అక్షయపాత్రత్తా!"

మళ్ళీ గుచ్చింది. మెడ లాగేసింది. అన్నానికి కూడా లేవలేదు. మళ్ళీ ఆనించి చూసింది. అంతే ఉంది. కళ్ళు పోతే పోయాయి, చేతులు కూడా పోయాయా అని మొదటిసారి భయపడింది. ఆ భయంలోనే ఏనాడూ చేయని పని చేసింది. దారం వెంట వేళ్ళు పోనిచ్చి కింది కొస తడిమింది. అడ్డుపూస లేదు. అప్పటికి తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు.

"తెగింది కాదురా ఇది. తెగిన దారానికి పీచు లేస్తుంది. ఇది కత్తెర కోత. చూడు."

"కళ్ళు లేని మనిషివి, నీకు కోత ఎలా కనిపించింది వదినా?" అంది మరదలు.

తమ్ముడు కొసను దీపం కింద పెట్టి చూశాడు. మేనకోడలి ఒళ్ళో మిగిలిపోయిన పూసల్ని చూశాడు. గూట్లో కత్తెరను, దాని పక్కనే పడి ఉన్న అడ్డుపూసను కూడా చూశాడు. చూపు బాగా ఉన్నవాడు కదా, ఏదీ వదల్లేదు. దారాన్ని ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు.

"పెట్టె సర్దుకో అక్కా. పొద్దున్నే దింపుతాను."

పొద్దున పూసల డబ్బా ఇక్కడే ఉంచమంది మరదలు. దుకాణం పని ఇకనుంచి అమ్మాయి చేస్తుందట. మేనకోడలు వచ్చి గారాబంగా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఆ అడ్డుపూస ముడి నేర్పి వెళ్ళవూ?"

పూసలక్క ఆ పిల్ల వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది. మెత్తటి వేళ్ళు.

"ఒక్క చుట్టు చాలమ్మా. మరీ బిగించకు, దారం తెగుతుంది. మధ్యమధ్యలో తడిమి చూసుకుంటూ ఉండు."

"ఇంతేనా? ఇంత తేలికా!"

"ఇంతే తల్లీ."

చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది. ఎడమది దొరికింది. కుడిది ఎక్కడుందో ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ చెప్పలేదు. ఒంటి చెప్పుతోనే గడప దాటింది.