రేచల్ మేడమ్ అటుకుల పళ్ళెం

పోయిన నెల పేరేసంద్ర దగ్గర మా బస్సు చాలాసేపు ఆగిపోయింది. ముందు పోతున్న టెంపోలోంచి ద్రాక్ష క్రేట్లు జారిపడి కాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. అవి ముందురోజు వానకు పగిలిన కాయలు, పైగా మంచి ఎండ. లారీల చక్రాల కింద నలిగి, పులిసిన ఘాటు వాసన కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. నా పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, డ్రైవర్ వైపు అనుమానంగా చూసి, "ఈయప్ప పొద్దున్నే తాగొచ్చినాడేమో" అని నా చెవిలో గొణిగింది. "తాగలేదమ్మా, అది ద్రాక్ష. కిందికి చూడు" అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగానే. పాపం ఆవిడ బిక్కమొహం వేసి అటు తిరిగి కూర్చుంది. ఆ మాట వింటే నాకు ఎవరు గుర్తొస్తారో ఆవిడకేం తెలుసు?

గుర్తొచ్చింది రేచల్ మేడమ్. ఇరవై ఏళ్ళ కిందట చిక్కబళ్ళాపురం అంచున ఉన్న ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడికి ఆవిడ హెడ్ మిస్. నేను పేరేసంద్ర పక్క పల్లె నుంచి రోజూ పోయి అక్కడ కన్నడం చెప్పే కొత్త టీచర్‌ని. ఆవిడ ముంబై మనిషి. భర్త ఉద్యోగంతో ఇటు వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పేరు చూసి ఊరంతా క్రైస్తవురాలనే అనుకుంది. డిసెంబరు వస్తే పిల్లల తల్లులు కేకులు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆవిడ కాదనకుండా పుచ్చుకుని, "మేము యూదులమమ్మా, మా పండగలు వేరే. కేకు మాత్రం బాగుండాది" అనేవారు. యూదులంటే ఎవరో మాలో ఎవరికీ తెలియదు. వాళ్ళ తాతలు కొంకణ తీరంలో గానుగలు ఆడించి నూనె తీసేవాళ్ళనీ, శనివారం తమ విశ్రాంతి రోజని గానుగ ఆపేవాళ్ళనీ ఆవిడ చెప్పాకే నాకు కొంచెం పట్టు దొరికింది. తెలుగు మా బడి ఆయా దగ్గర నేర్చుకున్నారు కాబట్టి అచ్చం మా పల్లె తెలుగే మాట్లాడేవారు. నాలుక మాత్రం చాలా పదును. ఆవిడ ఒక్క మాట విసిరితే తగిలినవాడు తప్ప అందరూ నవ్వేవాళ్ళు.

శుక్రవారం సాయంత్రం వాళ్ళింట్లో దీపాలు వెలిగేవి. ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, వడకట్టి షర్బతు చేసేవారు. వాళ్ళ ప్రార్థనకు ద్రాక్షారసం కావాలట, సారా దుకాణం గడప తొక్కకుండా వాళ్ళ తాతలు కనిపెట్టిన ఉపాయమట అది. ఒక సంవత్సరం ఆవిడ కాలు విరిగి, మళ్ళీ నడక వచ్చాక మమ్మల్నందరినీ ఇంటికి పిలిచారు. పెద్ద పళ్ళెంలో తడిపిన అటుకులు, పచ్చికొబ్బరి, చక్కెర, ఏలకుల పొడి, చుట్టూ పళ్ళు, పైన గులాబీ రేకులు. దాన్ని మలీదా అంటారు. ఏలియా ప్రవక్తను తలుచుకుని, దేవునికి కృతజ్ఞతగా పెట్టేది. నాకు నవ్వొచ్చింది. ఇది మా ఇంట్లో కృష్ణాష్టమికి పెట్టేదే కదా అన్నాను.

ఆ రోజే కూర్చోబెట్టి చెప్పారు. పూర్వం వాళ్ళకు ఒక పెద్ద గుడి ఉండేదట. జనం పిండీ నూనే గొర్రెలూ తెచ్చి అర్పించేవాళ్ళట. ఆ గుడి కూలిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు బలులు లేవు, ప్రార్థనే మిగిలింది. ఈ అటుకుల పళ్ళెం తమవాళ్ళు కొంకణంలో దాచుకున్న గుర్తు అన్నారు. దేవునికి ఆకలా మేడమ్ అని అడిగాను, చదువుకున్న పిల్లనన్న పొగరుతో. "ఆయనకేం ఆకలి? మనకే దగ్గరికి పొయ్యేదానికి సిగ్గు. చేతిలో ఏమన్నా ఉంటే ధైర్యంగా పోతాము" అన్నారు.

ఆవిడ పాటించిన ఇంకో పద్ధతి మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టేది. దసరా రోజుల్లో వాళ్ళకు పెద్ద ఉపవాసం వస్తుంది. దానికి ముందు వారం ఆవిడ స్టాఫ్ రూముకు వచ్చి ఒక్కొక్కరి ముందూ నిలబడి, ఈ సంవత్సరం నీ మనసు నొప్పించి ఉంటే క్షమించు అని అడిగేవారు. దేవుని పట్ల చేసిన తప్పును ఉపవాసం కడుగుతుందట గానీ, మనిషి పట్ల చేసినదాన్ని ఆ మనిషి క్షమిస్తే తప్ప దేవుడు ముట్టుకోడట. మేము సిగ్గుతో మెలికలు తిరిగి, ఏమీ లేదు మేడమ్ అనేసేవాళ్ళం. మా ఆయా లక్ష్మమ్మ ఒక్కతే ఒకసారి నిలబడి, నా కాఫీని కడుగునీళ్ళు అన్నారే, అది మరిచిపొయ్యేది ఎట్ల అని అడిగింది. మేడమ్ ఆనందం చూడాలి! చివరికి ఒకరు నిజం చెప్పారని ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నారు. లక్ష్మమ్మ కాఫీ మాత్రం తర్వాత కూడా అట్లాగే ఉండేది.

అట్లాంటి మనిషి చేసిన తప్పు ఇది. మా బడి వ్యాన్ నడిపే వెంకటరోణప్ప నెమ్మదైన మనిషి, మా ఊరివాడే. మార్చి నెలలో ఒక పొద్దున వ్యాన్ గేటు దగ్గర ఆగింది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు గుంపుగా ఉన్నారు. మేడమ్ వ్యాన్ దగ్గరికి వెళ్ళి, ముక్కు చిట్లించి, తాళం ఇట్లియ్యి అన్నారు. తాగి పిల్లల్ని ఎక్కించుకుంటావా అని అడిగారు. ఆయన తెల్లబోయాడు. "తాగలేదమ్మా. తెల్లారుజామున ద్రాక్ష మోసొచ్చినాను" అన్నాడు. మేడమ్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మందు చేసేదీ ద్రాక్షతోనే గదప్పా" అన్నారు. గేటు దగ్గర అందరూ నవ్వారు. వెంకటరోణప్ప తాళం ఆవిడ చేతిలో పెట్టి, భుజం మీది తువ్వాలు సర్దుకుని, రోడ్డు పట్టుకుని నడిచిపోయాడు. ఆ తర్వాత ఏ బడివాళ్ళూ ఆయన్ని పనిలో పెట్టుకోలేదు. తాగి వ్యాన్ నడిపినవాడన్న పేరు పల్లెపల్లెకూ పాకింది.

వేసవి సెలవుల్లో మేడమ్ కూతురికి అనుకున్నదానికంటే ముందే నొప్పులు వచ్చాయని ఫోను వస్తే, ఆవిడ ఉన్నపళంగా ముంబై వెళ్ళారు. మనవరాలు పుట్టింది. తిరిగొచ్చాక మలీదా చేస్తున్నాను రమ్మని నాకూ లక్ష్మమ్మకూ కబురు పెట్టారు. మేము వెళ్ళేసరికి వంటింట్లో కొబ్బరి తురిమి ఉంది, అటుకుల పొట్లం విప్పలేదు. మేడమ్ పీట మీద కూర్చుని ఉన్నారు. ముందర ఒక గిన్నె. ఊరికి వెళ్ళే తొందరలో నానబెట్టి మరిచిపోయిన ఎండుద్రాక్ష, మూసిన ఇంట్లో అన్నాళ్ళూ ఎండకు ఉడికింది. వాసన చూడు అని నా వైపు జరిపారు. గేటు దగ్గర ఆ రోజు వచ్చిన వాసనే. "వారం వారం నేను నానబెడతాండానే. నాకన్నా తెలిసుండాల గదా" అన్నారు. కొబ్బరిని లక్ష్మమ్మకు ఇచ్చేశారు. మలీదా ఎప్పుడు చేస్తారు మేడమ్ అంటే తల అడ్డంగా ఊపారు. "పళ్ళెం ఎత్తుకొని పోతే, వెంకటరోణప్ప ఏమన్నాడు అని అడగడా ఆ దేవుడు?" అన్నారు.

నేను ఇంటికి పోయి మా ద్రాక్షతోట చూసుకునే మా అన్నను అడిగాను. వెంకటరోణప్ప ఆ తెల్లవారుజామున మా తోటలోనే వానకు పగిలిన కాయలు మోశాడట. రసం కారి చొక్కా తడిసి ముద్దయిందట. మార్చుకుని పోదువులే అంటే, బిడ్డలు కాచుకోనుంటారని అట్లాగే పరుగెత్తాడట. ఆ మాట చెబితే మేడమ్ మర్నాడే నాతో మా ఊరికి బయల్దేరారు. ఆయన ఇంట్లో ఉండి కూడా బయటికి రాలేదు. భార్య గంగులమ్మ మంచినీళ్ళు ఇచ్చి, ఆయన మాటను మోసుకొచ్చింది. అందరి ముందర అని, ఇంటికొచ్చి చెవిలో చెప్తే ఎట్లమ్మా అని. మేడమ్ అది న్యాయమేనన్నారు. బడి తెరిచే రోజు గేటు దగ్గర అందరి ముందూ చెబుతాను, వచ్చి నిలబడమని చెప్పు అన్నారు. వస్తానని లోపలి నుంచి గొంతు వినిపించింది.

బడి తెరవడానికి వారం ఉండగా వెంకటరోణప్ప పొలంలో గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోతుంటే పేరేసంద్ర దాటేలోపే ప్రాణం పోయింది.

మేడమ్ బడి తెరిచిన రోజు ప్రార్థన తర్వాత పిల్లల ముందు జరిగింది జరిగినట్టు చెప్పారు. కానీ వినాల్సిన మనిషి లేడు. ఆవిడ సన్నబడ్డారు. మాట విసరడం మానేశారు, అది చూసి నాకు ఇంకా భయమేసింది. ముంబైలో తమ పెద్దాయన ఒకరిని అడిగితే, మన వల్ల నొచ్చినవాడు చనిపోతే సమాధి దగ్గరికి పదిమందిని తీసుకుపోయి, వాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవాలని చెప్పారట. ఆ పదిమందీ యూదులై ఉండాలట. చిక్కబళ్ళాపురంలో ఆవిడ ఒక్కరే. "తప్పు ఈడ చేసినాను. పదిమందీ ఈడోళ్ళే ఉండనీ" అన్నారు. అట్లా ఉపవాసానికి ముందు ఒక ఆదివారం నేను, లక్ష్మమ్మ, కొత్త డ్రైవరు, టీచర్లు, మా అన్న, అందరం కలిసి పదిమందిమి వెంకటరోణప్ప పొలం గట్టు మీద ఆయన సమాధి ముందు నిలబడ్డాం. గంగులమ్మ దూరంగా పశువుల పాక దగ్గర ఆగిపోయింది.

మేడమ్ చెప్పులు వదిలి నిలబడ్డారు. "వెంకటరోణప్పా, నువ్వు తాగలేదు. తాగినావని అనింది నేను. నిజం చెప్తే ఎగతాళి చేసింది నేను. ఇస్రాయేలు దేవుని పట్ల తప్పు చేసినాను, నీ పట్ల తప్పు చేసినాను" అన్నారు. ఒక్క మాట కూడా మింగలేదు. నేను అప్పటిదాకా ఏ పెద్దమనిషీ చనిపోయిన డ్రైవర్‌కు జవాబు చెప్పడం చూడలేదు. తర్వాత గంగులమ్మ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగారు. గంగులమ్మ ఏడవలేదు, అరవలేదు. "ఈ పదిమంది నవ్వలేదమ్మా. నవ్వినోళ్ళు గేటుకాడ ఉండిరి" అని, గడ్డిమోపు ఎత్తుకుని పాకలోకి వెళ్ళిపోయింది.

మిగతా వాళ్ళకు కోపం వచ్చింది. అంత పెద్దావిడ వచ్చి అడిగితే ఇంకేం కావాలట అని దారి పొడుగునా సణిగారు. మేడమ్ మాత్రం గంగులమ్మ లెక్క సరిగ్గా ఉందన్నారు. మరుసటి వారం నుంచి బడి అయ్యాక వ్యాన్‌లో డ్రైవర్ పక్క సీట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. వెంకటరోణప్ప తిరిగిన దారే, ఆయన ఆగిన చోట్లే. ప్రతిచోటా దిగి, ఆ పిల్లల ఇంటి గడప దగ్గర నిలబడి, ఆ రోజు గేటు దగ్గర మీ ముందు నేనన్నది అబద్ధం, ఆయన తాగలేదు అని చెప్పేవారు. కొందరు ఆవిడ మతి చలించిందనుకున్నారు. ఒక తండ్రి నవ్వి, అది మేమెప్పుడో మరిచిపోయామన్నాడు. "నువ్వు మరిచిపొయినావు. నువ్వు నవ్వితే నవ్విన వేరేవాళ్ళు మరవలేదే" అన్నారు మేడమ్. నేను కూడా చాలా సాయంత్రాలు వెంట పోయాను. మోకాళ్ళ నొప్పితో ఆవిడ వ్యాన్ దిగడం, ఎక్కడం చూడలేక ఒకరోజు ఇంక చాలు మేడమ్ అన్నాను. దారిలో ఇంకా ఇళ్ళు ఉండాయే అన్నారు.

మేడమ్ మలీదా చేయకుండా ఆగిన సంగతి నేను మా అమ్మతో అన్నాను. మా అమ్మ చెవిన వేస్తే ఊరంతటికీ చెప్పినట్టే. దీపావళి దాటాక ఒక మధ్యాహ్నం గంగులమ్మ బడికి వచ్చింది. సంతలో, బస్సులో, పిండి మిషన్ దగ్గర జనం తన మొగుడి గురించి మాట మార్చుకుంటున్నారట. అది ఆవిడ నాతో చెప్పింది. మేడమ్‌తో అయితే ఏమీ చెప్పలేదు. ఆఫీసు రూములోకి వెళ్ళి, సంచిలోంచి ఒక టెంకాయ తీసి బల్ల మీద పెట్టింది.

"బిడ్డ పుట్టి ఎన్నాళ్ళాయె. ఆ అటుకులేందో చేయమ్మా" అంది.

మేడమ్ లేచి నిలబడి, ఆ టెంకాయను రెండు చేతులా అందుకున్నారు. ఆ సాయంత్రం మేడమ్ ఇంట్లో గంగులమ్మే కొబ్బరి తురిమింది. మేడమ్ కళ్ళు మూసుకుని తమ భాషలో ప్రార్థన చెప్పి, మొదటి పిడికెడు గంగులమ్మ చేతిలో పెట్టారు. నేనూ లక్ష్మమ్మా గోడకు ఆనుకుని ఏడుస్తూ తిన్నాం. అంత రుచైన అటుకులు నేను మళ్ళీ తినలేదు.

కొన్నేళ్ళకు మేడమ్ ముంబైలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, అక్కడే పోయారు. నేనిప్పుడు బాగేపల్లిలో ఒక బడికి హెడ్ మిస్‌ని. ఆవిడ మతం నాది కాదు. నా దేవుళ్ళు నాకున్నారు, మొక్కులూ ఉన్నాయి. కానీ చేతిలో పళ్ళెంతో గుడి మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు కాళ్ళు కాసేపు ఆగుతాయి. ఎవరి పేరు చెప్పి దేవుడు అడుగుతాడో అని మనసులో వెతుక్కుంటాను. పోయిన శివరాత్రికి అట్లాగే ఆగితే మా చెల్లెలు గుర్తొచ్చింది. ఏదో పొలం మాట మీద మాటలు లేక రెండేళ్ళు. తప్పు నాది అవునో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు. వెనక్కి తిరిగి, పళ్ళెంతోనే చింతామణి బస్సు ఎక్కాను. వాకిలి ఊడుస్తున్న చెల్లెలు నన్నూ, పళ్ళాన్నీ చూసి, గుడికి పోతూ దారి తప్పినావా అంది. లేదు, దారిలో నీ ఇల్లు ఉంది అన్నాను. ఆ రోజు టెంకాయ వాళ్ళింట్లోనే కొట్టాం.