సన్యాసిరావు గారు కాల్చని డ్రోన్

జూబ్లీహిల్స్‌లోని మా స్టూడియో కిటికీ తెరవగానే పొగమంచులోంచి సన్నని రొద వినిపించింది. పక్క మేడ మీద ఎవరో డ్రోన్ ఎగరేసి షూటింగ్ చేస్తున్నారు. ఎండ ఇంకా రాలేదు. కొండరాళ్ళూ మేడలూ నీళ్ళలో మునిగినట్టు నీలంగా ఉన్నాయి. ఆ రొద వింటుంటే, సన్యాసిరావు గారు పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నట్టే అనిపించింది.

ఆయన విశాఖలో నౌకాదళంలో తుపాకుల పని చూసేవారు. రిటైరయ్యాక వెంగళరావు నగర్‌లో కూతురి దగ్గర ఉండేవారు. నేను సినిమాలకు శబ్దాలు కూరుస్తాను. చిన్న డ్రోన్ల దాడి నుంచి యుద్ధనౌకను కాపాడుకునే కథతో ఒక సినిమా తీస్తూ, దర్శకుడు సలహాల కోసం ఆయన్ని మా స్టూడియోకి పిలిచాడు. నేను తయారుచేసిన డ్రోన్ మోత విని ఆయన నవ్వారు.

"బాగుందమ్మా. కానీ సముద్రం మీద ఇంత ముందుగా వినపడదు. గాలీ, ఇంజన్ల హోరూ ఉంటాయి కదా. వినపడిందంటే నెత్తి మీదకి వచ్చేసినట్టే."

"మరి ఎలా తెలుస్తుందండీ?"

"రాడార్‌లో ఓ చుక్క కనపడుతుంది. పక్షో, డ్రోనో చప్పున తేలదు."

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చివరి ఏడాది, రేవుకు తిరిగొస్తున్న వాళ్ళ నౌక మీదకి ఓ డ్రోన్ సూటిగా వచ్చిందట. కాల్చడానికి అనుమతి అందింది. తుపాకీ దగ్గర ఉన్నది ఈయనే. గురి చూస్తే, దాని వెనకే ఒక చేపల పడవ, అందులో మనుషులు. "గురిలో పడవ ఉంది సార్" అని చెప్పి ఆగిపోయారు. ఈలోగా లోపలివాళ్ళు జామర్‌తో దానికి సంకేతాలు అందకుండా చేస్తే, గాలిలో తడబడి నీళ్ళలో పడింది. పెళ్ళి వీడియో కోసం ఓ జంట ఆ పడవలోంచి ఎగరేసినదట.

"అందులో మందుగుండు ఉండుంటే?" అన్నాను.

"మా ఓడలోవాళ్ళు పోయేవారు, నా వల్లే." ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు. "చేసింది మంచిదేనని తర్వాత తెలిసిందమ్మా. అప్పుడు తెలీదు."

మా సినిమాలోనూ ఒక నావికుడు డ్రోన్‌కి తుపాకీ గురిపెట్టే ఘట్టం ఉంది. నేను ఆ ఘట్టంలోని మోతలన్నీ తీసేసి, తుపాకీ పట్టుకున్నవాడి ఊపిరి ఒక్కటే ఉంచాను. దర్శకుడికి నచ్చలేదు.

"ఏంది మేడమ్, గీడ సప్పుడే లేదు? స్పీకర్లు ఖరాబైనయనుకుంటరు జనం. ఏదన్న పెట్టుండ్రి."

"పెట్టలేను. కావాలంటే వేరేవాళ్ళతో చేయించుకోండి" అన్నాను. అప్పుడు నా చేతిలో మరో సినిమా లేదు.

పక్కనే కూర్చుని వింటున్న సన్యాసిరావు గారు మెల్లగా అన్నారు: "ఆవేళ నాకూ ఇంకేం వినపడలేదు బాబూ."

దర్శకుడు ఆ ఘట్టం మళ్ళీ వేయించుకుని చూశాడు. "సరే, ఉండనీయుండ్రి" అని లేచిపోయాడు.

సినిమా విడుదలయ్యాక ఇద్దరం మ్యాట్నీకి వెళ్ళాం. ఆ ఘట్టం రాగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది, అందరూ ఒకే కల కంటున్నట్టు. ఆయన చెయ్యి వణకడం చూశాను.

"ఆ రోజూ ఇలాగే వణికిందమ్మా" అన్నారు గొంతు తగ్గించి. "భయంతో నొక్కేస్తానేమోనని ట్రిగ్గర్ మీంచి వేలు తీసేశాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. ధైర్యం ఉన్నవాళ్ళ చేతులు వణకవని అంతవరకూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఏదైనా తేల్చెయ్యాల్సిన క్షణంలో నా చెయ్యి వణికితే సిగ్గుపడను. కాస్త వెనక్కి తీసుకుని, అవతల ఎవరున్నారో చూస్తాను.