ఊదమ్మను పుట్టించిన కాంచన

తిరువళ్ళూరు కాంచన ఒక దయ్యాన్ని పుట్టించింది 1978లో, పొద్దున లోకల్ రైల్లో, ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన కూర్చొని. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. పట్టాభిరామ్‌లో సైకిల్ చైన్లు చేసే ఫ్యాక్టరీలో పని. తండ్రి లేడు. తల్లీ తనూ మేనమామ సుందరరాజులు ఇంట్లో ఉండేవాళ్లు. తాత దగ్గర నేర్చుకున్న తెలుగుతో ఒక కథ రాసి మద్రాసు మాసపత్రికకు పంపితే, ఎడిటర్ మెచ్చి, ఈడొచ్చిన పిల్లల కోసం సీరియల్ రాయమన్నాడు.

దయ్యం పేరు ఊదమ్మ. ఊత్తుకోట రోడ్డు మీద పాడుబడిన ఇటుకల బట్టీలో దాని కాపురం. మసక పడ్డాక ఆ దారిన పోయేవాళ్లను ఆపి, "యాడికి పొయ్యొస్తాండావు?" అని అడుగుతుంది. నిజం చెబితే దారి ఇస్తుంది. అబద్ధం చెబితే బండి దీపాన్ని ఉఫ్‌మని ఊదేస్తుంది. పదిహేనేళ్ల పిల్ల ఒకతె దాంతో స్నేహం చేసి, ఊళ్లో పెద్దమనుషులను ఏదో ఒక వంక మీద ఆ దారిన పంపిస్తూ ఉంటుంది.

రైల్లో తోటి పనిపిల్లలకు తెలుగు మాట్లాడ్డమే వచ్చు. బడిలో చదివిందంతా అరవం. అందుకని కాంచనే చదివి వినిపించేది. అందరికంటే ముందు చోటు పట్టుకునేది ఆరోగ్యమేరి, ప్యాకింగ్‌లో పనిచేసే పిల్ల.

"అక్కా, మా సూపర్‌వైజర్ను కూడా ఒకతూరి ఆ పక్కకు పంపీ" అనేది.

అంతా పకపకా నవ్వేవాళ్లు. పట్టాభిరామ్ రాగానే ఊదమ్మను రైల్లోనే వదిలేసి పనిలోకి పరిగెత్తేవాళ్లు.

సుందరరాజులుకు మాత్రం ఒళ్లు మండేది. ఆయన వడ్ల దళారీ, ఊళ్లో నలుగురికీ బుద్ధులు చెప్పే మనిషి. "పెండ్లి కావాల్సిన పిల్ల దయ్యాల కతలు రాస్తే ఎవుడు చేసుకుంటాడు? ఇట్లాంటివి చదివితే పిల్లోళ్లకు మతి చెడిపోతాది" అని రోజూ కసిరేవాడు. ఆయన పెండ్లాం అలిమేలమ్మ మాత్రం వంటింట్లో కాంచన చేత రెండేసిసార్లు చదివించుకొని వినేది.

ఆ రోజుల్లో అరవనాట మద్యనిషేధం. ఊత్తుకోట దాటితే ఆంధ్రా, అక్కడ సారాయి అంగళ్లు. వడ్ల బేరాలు కూడా ఎందుకో ఆ పక్కనే ఎక్కువగా తగిలేవి సుందరరాజులుకు. ఒక సాయంత్రం ఆయన అట్లా బేరం ముగించుకొని వస్తూ, సరిగ్గా ఇటుకల బట్టీ దగ్గర మోపెడ్‌తో సహా గుంతలో పడినాడు. ముందుపన్ను ఊడింది, దీపం పగిలింది. ఇంటికొచ్చి పెండ్లాం మొగం చూడగానే ఆయనకు తోచిన మాట ఒకటే.

"ఊదమ్మ ఊదేసిందే, అలిమేలూ!"

అలిమేలమ్మ గుండె మీద చెయ్యేసుకునింది. కథ బాగా విన్న మనిషి కాబట్టి వెంటనే అడిగింది. "ఆయమ్మ అబద్ధం చెప్పినోళ్ల దీపమే కదా ఊదేది?"

సుందరరాజులు కాసేపు పన్ను సందు తడుముకున్నాడు. "అది కతలో. నిజమైన ఊదమ్మ భక్తులకు పరీక్ష పెడతాది" అన్నాడు.

నోరుజారి చెప్పిన ఆ మాట ఊరంతా పాకి, దానికి ఎంత విలువ వచ్చిందో చూసి ఆయనే ఆశ్చర్యపోయినాడు. వారం తిరక్కుండా బట్టీ ముందర ఒక రాయి లేచింది. దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. పత్రికలో చిత్రకారుడు వేసిన ఊదమ్మ బొమ్మకు అద్దం కట్టించి పెట్టినారు. పెద్దమనుషులు కుటుంబాలతో వచ్చి సాష్టాంగపడినారు. సుందరరాజులు నుదుట ఇంత బొట్టు పెట్టుకొని పూజారి అయినాడు.

కాంచనకు మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. "మామా, ఆ ఊదమ్మను పుట్టించింది నేనే. రైల్లో కూర్చోని రాసినాను" అనింది.

"నువ్వు రాయలేదమ్మా. అమ్మవారు నీ చేత రాయించుకునింది" అన్నాడు ఆయన చాలా ప్రేమగా. "ఒక మాట. సీరియల్ మాత్రం ముగించొద్దు."

కాంచన ముగించింది. బట్టీలో అబద్ధాలు విని విని విసిగిపోయిన ఊదమ్మ, ఒక లారీ ఎక్కి సరిహద్దు దాటి వెళ్లిపోతుంది.

రైల్లో ఆ భాగం విన్న పిల్లలు ఊరుకోలేదు. శుక్రవారం పని వదలగానే ఆరోగ్యమేరి నలుగురిని వెంటేసుకొని గుడికి పోయింది. కాంచన వద్దంటూనే వెనకాల నడిచింది. హారతి పళ్లెం పట్టుకొని సుందరరాజులు ఎదురుగా వచ్చినాడు.

"సామీ, ఆ దినం మీరు యాడికి పొయ్యొస్తా పడినారు?" అని ఆరోగ్యమేరి భక్తిగా అడిగింది.

"వడ్ల బేరానికి తల్లీ" అన్నాడాయన.

పిల్లలంతా ఒక్కసారిగా ఉఫ్‌మని ఊదినారు. కర్పూరం ఆరిపోయింది.

జనం నవ్వుతారని కాంచన అనుకునింది. ఎవరూ నవ్వలేదు. "అమ్మవారు కన్నెపిల్లల మీదికి వచ్చింది!" అని ఎవరో అరిచినారు. ఒకామె ఆరోగ్యమేరి కాళ్ల మీద పడింది. "విడవమ్మా, నేను చర్చికి పోయే పిల్లను" అని ఆ పిల్ల మొత్తుకున్నా వినలేదు, మొగాన విభూతి పూసి పంపింది. ఆ మరుసటి శుక్రవారం జనం రెట్టింపయినారు.

సుందరరాజులుకు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకుంది. "నా ఇంట్లో తిని నా గుడి కూలగొడతావా?" అని అక్కనూ మేనకోడలినీ పొమ్మన్నాడు. తల్లి ఏడ్చింది. కాంచన ఏడవలేదు. పట్టాభిరామ్‌లో ఒక గది తీసుకునింది. పనికి నడిచిపోయేంత దగ్గర. కానీ రైల్లో కూర్చొని రాసే గంట పోయిందని చాలా రోజులు దిగులుపడింది.

ఎనభై మూడులో ఒకసారి బస్సు దిగి ఆ గుడి చూసింది. సున్నం వేసిన గోపురం, మైకు. కొత్త పూజారి, ఊదమ్మ మూడొందల ఏండ్ల కిందట పుట్టిన రాజకుమారి అని చెప్పినాడు. "కాదు సామీ, ఆమెకు అయిదేండ్లే" అనింది కాంచన. ఆయన కోప్పడి తీర్థం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆమె మొదలుపెట్టిన సీరియల్ చంద్రమండలంలో నడిచింది. అక్కడికి నిమ్మకాయలు మోసుకొని ఎవరూ రాలేరని ధైర్యం. సాయంత్రాలు గదికొచ్చి వినే ఫ్యాక్టరీ పిల్లలు రెండు భాగాలకే ఆవలించినారు. "చప్పగా ఉండాది అక్కా" అన్నారు. తనకూ అట్లాగే అనిపించింది. ఎడిటర్‌కు చెప్పి దాన్ని అంతటితో ఆపేసి, పొన్నేరి వరిమళ్లలో తిరిగే ఒక కొత్త దయ్యాన్ని మొదలుపెట్టింది. ఈసారి ఊరి పేరు మాత్రం మార్చి రాసింది.