కడుపులోని బల్ల

ఆమె మొదటిసారి వచ్చిన రోజు సిరొంచలో సంత. ఆస్పత్రి దాదాపు ఖాళీ. రక్తపరీక్షల గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. బామ్ని అవతల అడవిలోని ఊరట. ఎత్తుగా ఉన్న పొట్ట చుట్టూ కొంగు బిగించి కట్టుకుంది.

"ఎన్నో నెల అక్కా?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నా మొగడు సచ్చిపోయి నాలుగేండ్లాయె. నువ్వు గూడ గదే అంటవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్లో ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదట. తునికాకు కోతకు కూడా ఒక్కతే వెళ్తోందట.

రక్తం తీశాను. స్లైడు మీద మలేరియా క్రిమి ఎంత వెతికినా కనబడలేదు. ప్లేట్‌లెట్లు మాత్రం బాగా తక్కువున్నాయి. డాక్టరు ఆమె పొట్ట నొక్కి చూశాడు. ఎడమవైపు ప్లీహం బొడ్డు దాకా పెరిగి గట్టిగా ఉంది. మా అమ్మమ్మ దాన్నే 'బల్ల' అనేది.

"మాటిమాటికి మలేరియా వస్తే గిట్లయితది. ప్లేట్‌లెట్లు ఆ బల్ల లోపట్నే చిక్కుకుంటయ్. అహేరి పోయి స్కానింగు తీపిచ్చుకో, తోడు ఎవరినన్న తీస్కపో" అన్నాడాయన.

"నాకెవరొస్తరు సారూ?"

మర్నాడు సెలవు పెట్టి నేనే తోడు వెళ్లాను. నాకూ ఇక్కడ ఎవరూ లేరు. మా వాళ్లంతా చామోర్షిలో ఉంటారు. సాయంత్రం క్వార్టర్లో వంట చేసుకుంటూ, ఒక గొంతు వినబడాలని ఆనాటి పరీక్షల ఫలితాలు పైకి చెప్పుకునేదాన్ని.

స్కానింగులో పెరిగిన ప్లీహం తప్ప ఇంకేమీ లేదు. "కడుపుల పిల్ల లేదని మరాఠీల రాసియ్యమను, మా ఊళ్ల సదివినోళ్లకు గదే వచ్చు" అందామె. అక్కడి డాక్టరమ్మ రాసి ముద్ర వేసి ఇచ్చింది.

నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అడిగాను, "కాయితం చూపెట్టినవా?"

"చూపెట్టిన. ఎవ్వరేం అనలే."

నెలనెలా మందులకు వచ్చేది. నేను రక్తం తీసేదాన్ని. బల్ల కరుగుతున్నకొద్దీ ప్లేట్‌లెట్లు పెరుగుతూ వచ్చాయి. బస్సు వచ్చేదాకా నా గదిలోనే కూర్చునేది. ఇద్దరం నా డబ్బాలో అన్నం తినేవాళ్లం. ఎనిమిదో నెలలో డాక్టరు వేళ్లకు బల్ల తగల్లేదు.

"ఇగ నేను రాకున్నా నడుస్తదా?" అని నవ్వింది. నడుస్తుందన్నాను. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

రెండు నెలలు ఆగి, ఒక ఆదివారం వాళ్ల ఊరికి బస్సెక్కాను. ఆమె నలుగురు ఆడవాళ్లతో ఇప్పపూలు ఆరబోస్తోంది. ఏదో మాటకు అందరూ పడిపడి నవ్వుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏంది మేడం, గిట్లొచ్చినవ్?"

"జ్వరాలేమన్న ఉన్నయా అని" అబద్ధం చెప్పాను.

ఆమె మిగతావాళ్ల వైపు తిరిగి, గోండీలో నేనెవరో చెప్పింది. నాకు అర్థమైనంతలో, రక్తం తీసే మేడం అంది.